మా ఆయన నెత్తిమీది పైపు

నాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. నా ఖర్మకు దొరికిందేమో కూర్చుని చేసే ఉద్యోగం. ఎల్బీ నగర్ చౌరస్తాకు దగ్గర్లో, టైల్స్ షోరూమ్ పైన మా ఆఫీసు. సముద్రం మధ్యలో గ్యాసు తీసే ప్లాట్‌ఫారాల మీద పైపులుంటాయి కదా, అవి ఏ రకం ఉక్కుతో చేయాలి, ఆ ఉక్కును ఎంత వేడికి కాల్చాలి, ఎలా చల్లార్చాలి అన్నది తేల్చి చెప్పడం నా పని. మా కిటికీలోంచి సముద్రం కనిపించదు. నల్గొండ బస్సులు, విజయవాడ బస్సులు, వాటి వెంట సంచులతో పరిగెత్తే జనం కనిపిస్తారు. ఏం పని చేస్తావమ్మా అని ఎవరైనా అడిగితే పైపుల పని అంటాను. "ప్లంబింగా?" అంటారు. అవునంటాను. వివరించే ఓపిక నాకెక్కడిది?

మా ఆయన అలాంటి ప్లాట్‌ఫారం మీదే మెకానిక్కు, కాంట్రాక్టు మనిషి. ఒక నెల సముద్రంలో, ఒక నెల సైదాబాద్‌లో మా ఇంట్లో. వాళ్లది నల్గొండ దగ్గర పల్లె. మా నాన్నది గుంటూరు వైపు, బ్యాంకు ఉద్యోగం మీద దిల్‌సుఖ్‌నగర్ వచ్చి ఇక్కడే పాతుకుపోయాడు. మేమిద్దరం చైతన్యపురిలో ఒకే కోచింగ్ సెంటర్లో చదివి, ఒకే పరీక్ష తప్పినవాళ్లం. ఆ పరిచయమే పెళ్లిదాకా వచ్చింది. అత్తయ్య మాతోనే ఉంటుంది. ఆవిడ నా మాట తీరుకు నవ్వుతుంది, నేను ఆవిడ మాట తీరుకు నవ్వుతాను, మా ఆయన మా ఇద్దరినీ వెక్కిరిస్తాడు. ఆయన లేని నెలలో మాత్రం ఇంట్లో ఎవరికీ నవ్వు రాదు. టీవీలో తుఫాను అనే మాట వినపడితే చాలు, అత్తయ్య గబుక్కున ఛానల్ మార్చేస్తుంది.

ఒక రోజు మా సార్ కొత్త పని తెచ్చాడు. సార్ అంటే మా ఆఫీసు యజమాని, కోస్తా మనిషి, నెమ్మదస్తుడు, పెద్ద కంపెనీల దగ్గర చిన్న చిన్న పనులు తెచ్చి మా అందరికీ జీతాలిచ్చేవాడు. పాత ప్లాట్‌ఫారం ఒకదాని మీద బాగా ఒత్తిడితో గ్యాసు పోయే లైను తుప్పు పట్టిందట, దాన్ని మొత్తం తీసేసి కొత్తది వేయాలట. కాగితం మీద ప్లాట్‌ఫారం పేరు రెండుసార్లు చదివాను. అది మా ఆయన పనిచేసే చోటు.

అప్పుడు ఆయన ఇంట్లోనే ఉన్నాడు. సాయంత్రం చెబితే ఆయనకు భలే సరదా వేసింది. టేబుల్ మీద ఒలికిన టీలో వేలు ముంచి గీసి చూపించాడు.

"గిదీ మా మెస్సు. గిదీ నా వర్క్‌షాపు. నడుమ మేం నడిచే తొవ్వ. ఆ తొవ్వ పొడుగూతా మా నెత్తిమీదికెళ్లే పోతది నీ పైపు."

"దాని కింద రోజూ నడుస్తావా?"

"బువ్వ తినాల్నా వద్దా మరి?"

"నవ్వకు."

"నవ్వుతలేనే. మంచిగ ఏరు. మొగుని నెత్తిమీద పెట్టే పైపు, మార్కెట్ల వంకాయలు ఏరినట్టు ఏరకు."

ఆయనకు వేళాకోళం. నాకు మాత్రం ఆ సాయంత్రం నుంచే మొదలైంది. కుదురన్నది మొదటే తక్కువ, ఉన్న కాస్తా పోయింది.

పైపు ఎంచడమంటే గట్టిది ఎంచడం అనుకుంటారు అందరూ. అంత సులువైతే నాకు జీతం ఎందుకిస్తారు? మెత్తటి ఉక్కు తీసుకుంటే ఆ ఒత్తిడిని తట్టుకోవడానికి పైపు మందం పెంచాలి. మందంతో పాటు బరువూ పెరుగుతుంది. నేల మీదైతే ఫరవాలేదు, కానీ అది సముద్రంలో కాళ్లు పాతుకుని నిలబడ్డ పాత కట్టడం, కొత్త బరువు ఎంత ఎక్కినా దానికి కష్టమే. పోనీ బాగా గట్టి ఉక్కు తీసుకుందామా అంటే, ఆ గ్యాసులో కుళ్లిన గుడ్ల కంపు కొట్టే విషవాయువు కలిసి ఉంది. అది గట్టి ఉక్కును లోపల్నుంచి పగలగొడుతుంది. చెప్పాపెట్టకుండా పగులుతుంది. అంటే పైపు బలంగా ఉండాలి, మరీ గట్టిబడకూడదు. ఆ సన్నటి సందులోకి ఉక్కును తేవాలంటే కొలిమే దిక్కు. ఎర్రగా కాల్చి ఒక్కసారిగా నీళ్లలో ముంచుతారు. దాంతో పెళుసుగా గట్టిపడుతుంది. తర్వాత ఇంకాస్త తక్కువ వేడిలో నిదానంగా మళ్లీ కాచి ఆ పెళుసుతనం దించుతారు. అలా రెండోసారి కాచడాన్ని మేం టెంపరింగ్ అంటాం. పైపు మంచిదో చెడ్డదో చాలావరకు అక్కడే తేలిపోతుంది.

ఇంకో రకం ఉంది. కాల్చి, నీళ్లలో ముంచకుండా గాలికి వదిలేసి చల్లార్చేది, మెత్తగా ఉంటుంది కాబట్టి మందం ఎక్కువ కావాలి. మా ఆఫీసులో ఎప్పుడూ అదే వాడేవాళ్లు. సులువుగా దొరుకుతుంది, ఎవరూ ప్రశ్నలు అడగరు. సార్ ఈసారీ అదే వేద్దామన్నాడు. నేను బరువు లెక్కలు ఆయన ముందు పరిచాను. మధ్యాహ్నం భోజనానికి కూడా లేవనివ్వలేదు.

"అంత దూరం ఆలోచించక్కర్లేదమ్మా" అన్నాడు సార్.

"దాని కింద నడిచేది మీరు కాదుగా సార్" అన్నాను.

నోరు జారింది. ఆయన కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, సరే నీ ఇష్టం అన్నాడు. మంచి మనిషి. నాలాంటిదాన్ని ఇన్నేళ్లు భరించడం మాటలు కాదు.

ఆ వారాలు ఇంట్లో నాతో ఎవరూ వేగలేకపోయారు. కుక్కర్ ఎన్ని కూతలు కూసినా నాకు వినపడేది కాదు. వంటింటికీ వాకిలికీ మధ్య తిరుగుతూ లెక్కలు పైకే వల్లించుకునేదాన్ని.

"ఏందే బిడ్డా, కాలు గాలిన పిల్లి లెక్క గట్ల తిరుగుతున్నవ్? జర కూసో" అనేది అత్తయ్య.

"కూర్చుంటే ఆలోచన రాదత్తయ్యా."

"ఆలోచన రాకుంటెనే మంచిది. కూసో."

చివరికి నీళ్లలో ముంచి టెంపర్ చేసిన పైపునే ఎంచాను. టెంపరింగ్ ఇంత వేడి నుంచి ఇంత వేడి మధ్య చేయాలని రాసిచ్చాను. ఒక మిల్లు ఒప్పుకుంది. కొన్ని నెలలకు పైపులు తయారై, తూర్పు తీరంలో ఒక యార్డుకు చేరుతున్నాయి. అక్కడ వాటిని కోసి, వెల్డింగ్ చేసి, ముక్కలు ముక్కలుగా ప్లాట్‌ఫారానికి పంపిస్తారు. హమ్మయ్య అనుకున్నాను.

ఇక్కడ మా ఆఫీసుల అలవాటు ఒకటి చెప్పాలి. మా పనిలో ఎవరూ తెల్ల కాగితంతో మొదలుపెట్టరు. పాత ప్రాజెక్టు తెరిచి, పేర్లు మార్చి, కొత్త ప్రాజెక్టు చేసేస్తారు. పాతది ఒకసారి నడిచింది కాబట్టి మళ్లీ నడుస్తుందని ధైర్యం. కొత్తగా రాసినవాడిని పెద్ద కంపెనీవాళ్లు ప్రశ్నలతో చంపుతారు, పాతది ఎత్తిపెట్టినవాడిని పల్లెత్తు మాట అనరు. అందుకని అందరం ఎత్తిపెడతాం. వెల్డింగ్ చేశాక అతుకు దగ్గర ఉక్కు బిగుసుకుపోయి ఉంటుంది. దాన్ని వదులు చేయడానికి అతుకు చుట్టూ హీటర్లు చుట్టి మళ్లీ కాస్తారు. ఎంత వేడికి కాయాలో చెప్పే షీటు యార్డుకు పంపడం సార్ పని. అది నా చేతుల మీదుగా పోదు. సార్ పాత ప్రాజెక్టు షీటునే పేరు మార్చి పంపాడు. ఆ షీటు గాలికి చల్లారిన పైపుల కోసం రాసింది, వాటికి వేడి కాస్త ఎక్కువైనా ఫరవాలేదు.

ఆ సంగతి బయటపడింది మెట్రోలో. పొద్దున దిల్‌సుఖ్‌నగర్‌లో రైలెక్కి, కమ్మీ పట్టుకుని, చివరి లాటు బయలుదేరిందో లేదో కనుక్కుందామని మిల్లు మనిషికి ఫోన్ చేశాను. అతను మంచి హుషారు మీదున్నాడు. మేడమ్, మీ పైపులు ఎంత బాగా వచ్చాయో, ఈసారి టెంపరింగ్ మీరు రాసిన దాంట్లో అట్టడుగు వేడిలోనే కానిచ్చాం, బలం బ్రహ్మాండంగా వచ్చింది అని హిందీలో గొప్పలు చెప్పుకున్నాడు. నేనూ మంచిది, సంతోషం అన్నాను. ఫోన్ పెట్టేశాక బుర్రలో వెలిగింది. తక్కువ వేడిలో టెంపర్ చేసిన పైపును అతుకు దగ్గర అంతకన్నా ఎక్కువ వేడికి కాస్తే, కొలిమిలో చేసిన పనంతా ఆ చోట చెరిగిపోతుంది. పైకి చూస్తే పైపు అలాగే నిగనిగలాడుతుంటుంది, లోపల బలం ఉండదు. మరి యార్డులో ఎంత వేడికి కాస్తున్నారు?

చైతన్యపురిలో తలుపులు తెరుచుకోగానే దిగిపోయాను. ఎందుకు దిగానంటే ఏం చెప్పను, ఇంక ఆ రైల్లో నిలబడలేకపోయాను. వీపుల మీద బ్యాగులతో కోచింగ్ పిల్లలు నన్ను తోసుకుంటూ పోతున్నారు. మెట్ల పక్కన నిలబడి సార్‌కి ఫోన్ కలిపాను.

"సార్, యార్డుకి ఏ హీటింగ్ షీటు ఇచ్చారు?"

"ఎప్పుడూ ఇచ్చేదేనమ్మా. ఏం?"

"ఎప్పుడూ ఇచ్చేది ఈ పైపుకి పనికిరాదు సార్. ఇది నీళ్లలో ముంచిన పైపు."

అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు.

"అతుకులు ఎంతవరకు అయ్యాయి సార్?"

"సగానికి పైగా అయ్యుంటాయి" అన్నాడు. "ముందు నువ్వు ఆఫీసుకి రా. ఎవరితోనూ అనకు."

ఇంకో రైలు కోసం ఆగడం నా వల్ల కాలేదు. మెట్రో స్తంభాల కింద నడుచుకుంటూ పోయాను. హాస్టళ్ల బోర్డులు, ఆటోల హారన్లు, ఒకటే ఎండ. నడుస్తున్నంతసేపూ నాకు ఆ టీ మరకల గీతలే కళ్లముందు. మెస్సు, వర్క్‌షాపు, నడుమ తొవ్వ. ఆయన ఈ నెల ఇంట్లో ఉన్నాడు, వచ్చే నెలలో వెళ్లాలి. ఆయన అక్కడికి చేరే సరికి కొత్త లైను బిగించి గ్యాసు వదులుతారు.

ఆఫీసులో సార్ తన గది తలుపు వేశాడు. గొంతు తగ్గించి బతిమాలినట్టు మాట్లాడాడు.

"పెద్ద తేడా ఏం కాదమ్మా. ఏమీ కాకపోవచ్చు కూడా. ఇప్పుడు చెప్పామనుకో, యార్డు ఆగిపోతుంది. మనకి మళ్లీ ఎవడన్నా పనిస్తాడా? బయట కూర్చున్న వాళ్లందరినీ చూశావా?"

"ఏమీ కాకపోవచ్చు సార్. అయితే?"

"మీ ఆయన అక్కడ పనిచేస్తాడు కాబట్టి నీకు భయం ఎక్కువ. అంతే."

ఒళ్లు మండిపోయింది. "ఎవరి మొగుడో ఒకడు అక్కడ ఉంటాడు కదా సార్!" అని అరిచాను. తలుపు వేసి ఉన్నా బయట కీబోర్డుల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. సార్ కుర్చీలో కూలబడ్డాడు. తర్వాత తప్పు మాదేనని, పని ఆపమని, కంపెనీకి ఉత్తరం ఆయనే టైపు చేశాడు. ఆయన ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొడుతుంటే నా కోపం ఎటుపోయిందో పోయింది. నీళ్లు తెచ్చి పక్కన పెట్టాను.

కంపెనీవాళ్లు ఒక అతుకును కోసి, ఆ ముక్కను మిషన్లో లాగి చూడమన్నారు. ఎంత లాగితే ఉక్కు లొంగుతుందో అందులో తెలుస్తుంది. ఆ ఫలితం వచ్చేలోపు మా ఆయన బట్టలు సర్దడం మొదలుపెట్టాడు. చెప్పకుండా ఉండలేకపోయాను.

"ఏందే, నీ పైపు నువ్వే పీకిపిస్తున్నవా?" అన్నాడు చొక్కా మడతపెడుతూ.

"పైపు తప్పు కాదు. కాచిన తీరు తప్పు."

"గంతల్నే ఏమైతది?"

"గ్యాసు వదిలేటప్పుడు పేలచ్చు. పేలకపోవచ్చు."

చొక్కా మడత విప్పి మళ్లీ మడతపెట్టాడు. వంటింట్లోంచి అత్తయ్య తొంగిచూసింది. "ఏం పేలుతదే?"

"ఏం లేదు" అన్నాం ఇద్దరం ఒక్కసారే. ఆవిడ మమ్మల్ని మార్చి మార్చి చూసి లోపలికి పోయింది. ఆ పూట ఎవరూ సరిగా తినలేదు.

ఫలితం వచ్చింది. అతుకు పక్కన పైపు ఉండాల్సిన బలంలో లేదు, తొందరగా లొంగిపోయింది. అప్పటిదాకా అతికిన పైపులన్నీ పక్కన పెట్టేశారు. నా మాటే నిజమైంది. దాచుకోవడం ఎందుకు, ఆనందం పట్టలేక ఆఫీసు మెట్లు గబగబా దూకి, మైసూర్‌పాక్ డబ్బా కొనుక్కుని ఇంటికి పోయాను. చెప్పులు విప్పుతుంటే మా ఆయన ఫోన్లో కాంట్రాక్టరుతో మాట్లాడుతున్నాడు. అవును సార్, సరే సార్, అట్లనే సార్. పెట్టేసి నా వైపు తిరిగాడు.

"కొత్త పైపు రావాల్నంటె నెలలు పడ్తదంట. గందాక ఆ లైను బంద్. మందిని తగ్గిస్తున్నరు. కాంట్రాక్టోళ్లే ముందుగాల. నన్ను రావద్దన్నరు."

"ఈ ట్రిప్పుకా?"

"ఇగ మొత్తానికే."

అత్తయ్య వచ్చి, నా చేతిలో డబ్బా తీసుకుని, తెరిచి ఒక ముక్క నోట్లో వేసుకుంది. "మంచిగాయె తియ్యి. ఇంట్లనే ఉంటడు" అంది.

ఇంట్లోనే ఉన్నాడు. నాకు పట్టిన తిరుగుడు ఇప్పుడు ఆయనకు పట్టింది. ఇంట్లో కారని కుళాయిలన్నీ విప్పి బిగించాడు. మిక్సీ విప్పాడు, అది మళ్లీ తిరగలేదు. పొద్దున్నే, ఒకప్పుడు పండ్ల మార్కెట్ ఉన్న గడ్డిఅన్నారం దాకా నడిచిపోయి వట్టి చేతులతో వచ్చేవాడు. "మార్కెట్ ఎప్పుడో పాయె గదా, ఏం జూసేదున్నది" అనేవాడు. అయితే ఎందుకు పోయినట్టు? నన్ను ఒక్క మాట అనలేదు. అదే నన్ను లోపల్లోపల తినేసింది. తిట్టినా బాగుండునని, తిట్టేలా నేనే గిల్లేదాన్ని.

ఒక ఆదివారం ఫ్యాను రెక్కలు తుడుస్తూ స్టూలు మీద నిలబడి ఉన్నాడు. నిన్ననేగా తుడిచావ్ అన్నాను. కిందికి దిగి గుడ్డ నేలకేసి కొట్టాడు.

"ఆడ ఉంటె సద్దునో లేదో ఎవనికెరుక? గిట్ల కూసుంటె మాత్రం సచ్చేటట్టున్ననే."

"అయితే నోరు మూసుకుని కూర్చోవాల్సిందా నేను?"

"గట్లన్ననా?"

"మరి?"

"మరేం లేదు. నువ్వు జేసింది కరెక్టే. కరెక్టయితె మనిషికి ఏడుపు రావద్దా?"

ఆయన ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. ఆరోజూ చూడలేదు, మొహం గోడకు తిప్పుకున్నాడు. నేనే ఏడ్చాను. పైకే, అత్తయ్య పరిగెత్తుకొచ్చేంత పెద్దగా.

ఆ పైపుల పని తర్వాత మళ్లీ మొదలైంది. ఈసారి హీటింగ్ షీటు సార్ నాకే ఇచ్చాడు. తెల్ల కాగితం ముందు పెట్టుకుని రాశాను. ఆయన చదివి, ఒక్క అక్షరం మార్చకుండా సంతకం పెట్టాడు. కొత్త లైను బిగించారు, గ్యాసు పోతోంది. దాని కింద నడిచేవాళ్లెవరో నాకు తెలియదు. వాళ్ల ఇళ్లలో ఎవరూ దాని గురించి ఆలోచించరు, ఆలోచించాల్సిన పని కూడా లేదు. నాకు వాళ్ల పెళ్లాల మీద అసూయగా ఉండేది. సిగ్గులేని మాట, కానీ ఉండేది.

ఎందుకంటే ఆ లోపే మా ఆయనకు ఇంకో సముద్రంలో పని దొరికింది, గల్ఫ్ వైపు. సంతకం పెట్టేముందు అడగమని చెప్పాను: ఆ ప్లాట్‌ఫారం ఏనాటిది, గ్యాసులో విషవాయువు ఉందా, పైపులు ఏ రకం.

"ఏజెంటును అడిగిన" అన్నాడు వచ్చి.

"ఏమన్నాడు?"

"నవ్విండు. పనిజేస్తవా, పైపులు కొంటవా అన్నడు."

"అయితే వెళ్లకు."

"అన్ని పైపులు నువ్వే ఏరుతవానే? దునియల ఉన్నయన్నీ?"

తువ్వాలు మడతపెట్టి ఆయన బ్యాగులో కుక్కాను. వెళ్లిపోయాడు. నేను పొద్దున రైలెక్కి, ఎల్బీ నగర్‌లో దిగి, ఎవరెవరివో పైపులు ఎంచుతూ ఉన్నాను. ఫోన్ మోగితే ఉలిక్కిపడటం, మోగకపోతే తిరగడం. అత్తయ్య ఇప్పుడు నన్ను కూర్చోమనడం కూడా మానేసింది.

ఒక శుక్రవారం సాయంత్రం డాబా మీద బట్టలు తీస్తుంటే ఆయన ఫోన్ చేశాడు. తిన్నావా, పడుకున్నావా, ఎండలెట్లున్నాయి, అన్నీ అయ్యాయి. పెట్టేస్తాడనుకున్నాను.

"గదేనే, పోయి జూసిన" అన్నాడు.

"ఏం చూశావ్?"

"పైపు. నేను పనిజేసే కాడ నెత్తిమీద ఒకటున్నది. మిల్లోళ్లు పైపు మీద్నే దాని రకం అచ్చేస్తరట, మావోడొకడు చెప్పిండు. నీకు చెప్దామని నిచ్చెనేసి ఎక్కిన."

"ఎక్కావా? ఎవరు ఎక్కమన్నారు నిన్ను?"

"ఎవ్వరన్లే. ఆగు, విను. మొత్తం రంగేసిర్రే. రంగు మీద రంగు, ఎన్నేండ్ల నుంచి ఏస్తున్నరో. జర గీకి గూడ జూసిన. ఏం కానరాలే."

చేతిలో బట్టలు గోడ మీద పెట్టేశాను. అది ఏ ఉక్కో, ఎంత వేడికి కాచారో, ఎవరు కూర్చుని ఎంచారో, ఎవరు పాతది ఎత్తిపెట్టారో, ఇక నాకు ఎప్పటికీ తెలియదు. ఇంత చదువు, ఇంత అనుభవం, ఇన్ని గొడవలు.

"ఏమే, ఉన్నవా?"

"ఉన్నా."

"ఏమన్న చెప్పు."

"గీకిన చోట మళ్లీ రంగు వెయ్యి" అన్నాను. "లేకపోతే తుప్పు పడుతుంది."

"ఏస్త" అన్నాడు.

ఆ పైపుకు నేను చేయగలిగింది అంతే.